కోర్తినా కొండమీద భోజనానికి వెళ్లేముందు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. జులైలో నువ్వు అమ్మానాన్నలిద్దరినీ ఇటలీ కొండల్లోని కోర్తినా తీసుకెళ్తున్నావట, చింక్వే తోర్రీ అనే అయిదు రాళ్ల శిఖరాల దగ్గర కొండమీద రిఫూజోలో, అంటే కొండ సత్రంలో, భోజనమట. చెప్తుంటే దాని గొంతు నిలవలేదు. పాదొవాలో చదువు ముగించి, జీతం చేతికి రాగానే అమ్మానాన్నలకు టికెట్లు తీసిన పిల్లవి. నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నా.

టేబుల్ కోసం ముందే ఫోన్ చెయ్యి. కార్డును నమ్ముకోకుండా నోట్లు దగ్గర పెట్టుకో. బిల్లులో కోపెర్తో అని టేబుల్ దగ్గర కూర్చున్నందుకు మనిషికింత వేస్తారు, తినని దానికి డబ్బేమిటని మీ నాన్న లేవకుండా ముందే చెప్పిపెట్టు.

లిఫ్టు దగ్గర మాత్రం జాగ్రత్త తల్లీ. కింద బాయ్ దె దోనెస్ అనే చోటు నుంచి పైకి పోయేది కుర్చీల లిఫ్టు. కుర్చీ వెనకనుంచి వచ్చి మోకాళ్లకు తగులుతుంది, ఆ క్షణంలోనే కూర్చోవాలి. మీ అమ్మకు చీర వద్దు. పంజాబీ డ్రెస్సు వేయించు, చున్నీ సంచిలో పెట్టించు. కొంగు ఎక్కడ చిక్కుకుంటుందో అన్న భయం నాకు ఇక్కడ కూర్చున్నా పోవడం లేదు. పైన 2,200 మీటర్ల ఎత్తు దాటుతుంది, మెల్లగా నడిపించు. జులైలో పొద్దున నీలంగా మెరిసే ఆకాశం మధ్యాహ్నానికి ఉరుముతుంది, ఉరిమితే లిఫ్టు ఆపేస్తారు. పదింటికల్లా ఎక్కండి, పన్నెండుకు తినండి, రెండున్నరకల్లా కిందుండండి. అవసరం పడితే 112.

ఇక అసలు సంగతి, తిండి. ఇది మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

1998లో మీ అమ్మమ్మ మా దగ్గరికి ట్రెంటో వచ్చింది. మీ పెదనాన్న ఉద్యోగం అక్కడే కదా. ఒక ఆదివారం ఊరి పక్క కొండమీదికి తీసుకెళ్లాం. కట్టెల పొయ్యి, పొగకు నల్లబడిన దూలాలు, గళ్ల టేబుల్ గుడ్డ. చలికి అమ్మ చేతులు చంకల్లో పెట్టుకొని కూర్చుంది. ఓర్జెత్తో అని బార్లీ సూపు ఉందన్నారు. జ్వరమొస్తే మనకు తాగించే బార్లీయే కదా అని అమ్మ ముచ్చటపడింది. నేను ఒకే ఒక్క మాట అడిగాను, "మాంసం లేదు కదా?" అని. లేదన్నారు.

గిన్నె వచ్చింది. బార్లీ, బంగాళాదుంప, క్యారెట్టు, అన్నీ చిన్న చిన్న ముక్కలు. అమ్మ నాలుగు చెంచాలు తాగింది. అప్పుడు చూశాను, క్యారెట్టు కాని ముక్కలు. గులాబీ రంగులో, ఒక అంచున తెల్లగా. స్పెక్. పొగపట్టిన పంది మాంసం. అమ్మ కూడా చెంచాతో ఒకటి పక్కకు తీసి, "ఇదేందే?" అంది.

"క్యారెట్టే అమ్మా, పొగ వాసనకు అట్లుంది" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్లు ఆలోచించాను. నలుగురిలో రభస అవుతుందని. ఆమె ఆ రోజంతా, మర్నాడూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదని. మీ పెదనాన్న ఎంతో ఇష్టంగా తీసుకొచ్చాడని. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని మనిషి, నా మాట నమ్మి గిన్నె ఖాళీ చేసింది. "బాగుందే, కడుపులో వెచ్చగా ఉంది" అంది. ఆమె పోయేదాకా నేను నోరు విప్పలేదు.

ఆ రోజు వడ్డించినవాళ్లది అబద్ధమని నేను అనను. ఆ కొండల్లో వెనకటి పేద ఇళ్లల్లో ఒక పందిని చలికాలంలో కోసి, పొగపెట్టి, ఏడాదంతా చిన్న చిన్న ముక్కలుగా వాడుకునేవాళ్లు. మనకు తాలింపు ఎట్లాగో వాళ్లకు ఆ ముక్క అట్లాగే. తాలింపును కూర అనం కదా. అందుకే "కార్నే", అంటే మాంసం, లేదంటే సరిపోదు. "సెంత్సా స్పెక్, సెంత్సా పాంచెత్తా, సెంత్సా బ్రోదో ది కార్నే" అని, అంటే స్పెక్ లేకుండా, పాంచెత్తా అనే పంది పొట్ట మాంసం లేకుండా, మాంసం ఉడికించిన నీళ్లు లేకుండా అని, ఒక్కొక్కటీ పేరు పెట్టి అడుగు. క్యాబేజీ సలాడ్‌లో కూడా స్పెక్ చల్లుతారు. సిగ్గుపడకు. టేబుల్ కోసం ఫోన్ చేసేటప్పుడే అడిగితే వంటవాళ్లకూ సులువు.

మీ అమ్మకు పొలెంతా, పుట్టగొడుగులు చెప్పు. పొలెంతా అంటే మన సంకటే చిట్టీ! రాగిపిండి బదులు మొక్కజొన్న పిండి. రాగి బాండలిలో ముప్పావు గంట తెడ్డుతో తిప్పుతూనే ఉంటారు, చెక్క పలక మీద కుమ్మరిస్తారు, పాత ఇళ్లల్లోనైతే దారంతో కోస్తారు. మీ నాన్న మొదటి ముద్దకే మీ జేజమ్మను తలుచుకుంటాడు చూడు. పుట్టగొడుగులు వెన్నలో వేయించారో, పంది కొవ్వులోనో, అదీ అడగాలి. నువ్వూ నాన్నా కసున్సియెయి తినండి, మన కజ్జికాయల్లా మడిచి ఉడికించినవి, లోపల బీట్‌రూట్, పైన కరిగించిన వెన్న, గసగసాలు. కోర్తినా వెళ్లి అది తినకుండా రాకూడదు. ఆ పిండిలో గుడ్డు ఉంటుంది, అమ్మకు పెట్టకు. పార్మిజానో చీజు దూడ కడుపులోంచి తీసిన దానితో విరగగొడతారు. అదీ దానికి చెప్పు. తినాలో మానాలో అదే తేల్చుకుంటుంది.

గిన్నెలో ఏదన్నా చూపించి "ఇదేందే?" అని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పు. లేచి వెళ్లిపోయినా సరే, ఆ పూట పస్తున్నా సరే. సంచిలో నాలుగు చపాతీలు, కాస్త శనక్కాయల పొడి పెట్టుకొని వెళ్లు. బయట బల్లమీద ఆ అయిదు రాళ్ల శిఖరాలు చూస్తూ తింటుంది.

కిందికి దిగగానే ఫోన్ చెయ్యి. అప్పుడు మనకు ఎంత పొద్దయినా మేలుకొనే ఉంటా.

నీ పెద్దమ్మ