'ఒక్క ఏడాది ఊళ్లో ఉండొస్తానంటే కార్డు పోతుందంటున్నాడు'

ప్రశ్న: నాకు 68, మా ఆవిడకు 63. గవర్నమెంటు హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. డాలస్‌లో ఉండే మా అబ్బాయి అమెరికా సిటిజన్ కావడంతో మా ఇద్దరికీ గ్రీన్‌కార్డు వచ్చింది. ఇక్కడికొచ్చి 14 నెలలైంది. మందుల షాపుకి వెళ్లాలంటే వాణ్ణి అడగాలి, కటింగ్‌కి అడగాలి, పది డాలర్లు కావాలన్నా అడగాలి. నా పెన్షనేమో ఇండియా బ్యాంకులో పడి ఉంటోంది. ఏడాది పాటు ఊరెళ్లి ఉండొస్తానంటే 'కార్డు పోతుంది నాన్నా' అంటాడు. మా ఆవిడ మనవరాలిని వదిలి రానంటోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో 'అడగాలి' అన్న మాట మూడుసార్లు వచ్చింది. అన్నేళ్లు క్లాసులో పిల్లలు చిటికెన వేలు చూపించి మిమ్మల్ని అడిగి బయటికి వెళ్లారు. ఇప్పుడు మీ వంతు వచ్చింది. మీకు గుచ్చుకుంటున్నది అమెరికా కాదు, ఇదేనని నాకనిపిస్తోంది.

కార్డు గురించి మీవాడికి ఉన్న భయం ఉత్తదేం కాదు. రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి వెళ్లేముందే తీసుకునే అనుమతి పత్రం) లేకుండా ఏడాది బయట ఉండిపోతే గ్రీన్‌కార్డు చూపించి తిరిగి రావడం కుదరదు. ఆర్నెల్లు దాటినా ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు తప్పకపోవచ్చు. మధ్యలో ఒకసారి వచ్చి ముఖం చూపించి పోతే చాలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. మీ అసలు కాపురం అమెరికాలో ఉందా లేదా అన్నది చూస్తారు. నిజంగా ఏడాది ఉండాల్సిన పనుంటే, బయల్దేరకముందే ఐ-131 ఫారంతో రీఎంట్రీ పర్మిట్‌కి అప్లై చేయాలి. మామూలుగా రెండేళ్ల దాకా ఇస్తారు.

కానీ ఏడాది ఎందుకు? దసరాకి వెళ్లి సంక్రాంతి చూసుకుని వచ్చేయండి. అలిగి వెళ్లడానికీ, ముందే చెప్పి వెళ్లడానికీ ఇంట్లో వాళ్లకి తేడా తెలుస్తుంది. ఇంకో సంగతి, మెడికేర్, అంటే పెద్దవాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. 65 నిండాక కూడా, మీలా గ్రీన్‌కార్డు మీద కొత్తగా వచ్చినవాళ్లు ఐదేళ్లు వరుసగా అమెరికాలోనే నివాసం ఉంటేగానీ అందులో చేరడానికి వీల్లేదు. అప్పటిదాకా ఇన్సూరెన్స్ కొనుక్కోవాల్సిందే. మీకు ఉందో లేదో రాయలేదు. లేకపోతే ముందు ఆ పని చూడండి.

డబ్బు విషయంలో మీరు మొహమాటపడుతున్నారు. అది మీ పెన్షన్. విదేశంలో స్థిరపడ్డాక ఇండియాలోని మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్నార్వో ఖాతాగా (ప్రవాసులకిచ్చే రూపాయి ఖాతా) మార్పించుకోవడం ఎలాగూ తప్పదు. పన్ను కట్టగా మిగిలిన పెన్షన్ అందులోంచి తెప్పించుకోవచ్చు. డాలస్‌లో మీ దంపతులిద్దరి పేర్న ఒక ఖాతా, చెరో డెబిట్ కార్డు తీసుకోండి. అమెరికా ట్యాక్స్ రిటర్న్‌లో ఆ పెన్షన్ చూపించాలి. ఏడాదిలో ఏ ఒక్కరోజైనా మీ ఇండియా ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే రిపోర్టు) కూడా వేయాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి, రిటైర్మెంట్ డబ్బు బ్యాంకులో దాచుకున్నవాళ్లు ఆ గీత ఇట్టే దాటేస్తారు. మొదటి ఏడాది ఒక ఆడిటర్‌కి చూపించడం మేలు.

ఇక మీ ఆవిడ. వయసు తప్పిస్తే ఆవిడ గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు, అదీ ఫిర్యాదు. ఊరెళదామని అడిగారా, వెళుతున్నామని చెప్పారా? ఆ ఇంట్లో ఆవిడకి పని దొరికింది, మీకు దొరకలేదు. మనవరాలి మీద కోపం పెట్టుకుంటే ఏం లాభం? డాలస్‌లో ఉండి తెలుగు మాటకి మొహం వాచిపోవాల్సిన అవసరం లేదు. ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం 'నెల నెలా తెలుగు వెన్నెల' అని సాహిత్య సభలు జరుపుతుంటుంది. మీ వయసువాళ్లు, కార్లున్నవాళ్లు, తోడు కావాల్సినవాళ్లు అక్కడ తారసపడతారు. మీ ఇంటి దగ్గర డార్ట్ (డాలస్ ప్రజా రవాణా సంస్థ) బస్సో రైలో తిరుగుతుంటే 65 దాటినవాళ్లకి టికెట్ తగ్గింపు ఉంది. మొదటిసారి అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లండి, రెండోసారి ఒక్కరే వెళ్లండి. 68కి డ్రైవింగ్ నేర్చుకోకూడదని కూడా ఎక్కడా లేదు.

నిద్ర పట్టకపోవడాన్ని మాత్రం నేను వయసు మీదకి నెట్టేయను. ఆకలి తగ్గడం, దేని మీదా మనసు పోకపోవడం, కారణం లేని ఒళ్లు నొప్పులు కూడా ఉంటే డిప్రెషన్ కావచ్చు. దానికి మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోమని మీ అబ్బాయిని ఈ వారమే అడగండి. ఈ ఒక్కటి అడగడానికి మాత్రం సిగ్గుపడకండి.