బాక్సింగ్ రింగ్ అనౌన్సర్ అవ్వాలంటే గంభీరమైన గొంతు ఉండాలా?

"నా గొంతు బాగుంటుందని స్నేహితులు అంటున్నారు, బాక్సింగ్ రింగ్ అనౌన్సింగ్‌ని కెరీర్‌గా పెట్టుకోవచ్చా, గొంతుకి ఎలాంటి ట్రైనింగ్ తీసుకోవాలి" అని అడిగారు. రింగ్‌లో మైకు పట్టుకుని బాక్సర్లని పరిచయం చేసి, ఫలితం చదివే ఈ పని నేను పదకొండేళ్లుగా చేస్తున్నాను, అమెచ్యూర్ టోర్నమెంట్లతో మొదలుపెట్టి ప్రొఫెషనల్ షోల దాకా వచ్చాను. గొంతు సంగతి చివర్లో చెప్తాను. ఈ పనిలో నన్ను నిలబెట్టింది, ఒకసారి ఘోరంగా పడగొట్టింది కూడా, చేతిలో ఉండే కాగితమే. ముందు ఆ పడ్డ సంగతి చెప్పనివ్వండి.

నాలుగో ఏడాదిలో జరిగింది. నాలుగు రౌండ్ల బౌట్, అంటే ఒక పోటీ, ఇద్దరికీ అది రెండో ప్రొఫెషనల్ ఫైట్. ఒకడు పొడగరి, చేతులు బారెడు ఉంటాయి, దూరం నుంచి జాబ్, అంటే చెయ్యి చాచి కొట్టే సూటి దెబ్బ, వేస్తూ ఆడతాడు. రెండోవాడు ఎడమచేతి వాటం, అంటే సౌత్‌పా, కాస్త పొట్టి, లోపలికి దూరి డొక్కల్లో కొట్టే రకం. అచ్చయిన బౌట్ షీట్‌లో పొడగరిది నీలం కార్నర్ (రింగ్‌లో ఒక్కో బాక్సర్‌కి కేటాయించే మూల), సౌత్‌పాది ఎరుపు. షో మొదలవడానికి గంట ముందు ఎందుకో కార్నర్లు తారుమారు చేశారు. నాకూ చెప్పారు. నేను చూసి చదివే కార్డు మీద పెన్సిల్‌తో రెండు బాణం గుర్తులు గీసుకుని ఊరుకున్నాను, కొత్త కార్డు రాసుకోలేదు. ఇద్దరినీ పరిచయం చేసేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే మనుషులు ఎదురుగా కనిపిస్తున్నారు, ఎవరి వైపు తిరిగితే వాళ్ల పేరే నోటికొచ్చింది.

ఫైట్ చాలా బాగా జరిగింది. నాలుగో రౌండ్ చివర్లో ఇద్దరూ రింగ్ మధ్యలో కదలకుండా నిలబడి కొట్టుకుంటుంటే హాలంతా లేచి నిలబడింది. గంట కొట్టాక సూపర్‌వైజర్ ముగ్గురు జడ్జిల లెక్కలూ కూడి, ఒక కాగితం మీద రాసి నా చేతిలో పెట్టాడు. 39-37 ఎరుపు, 39-37 నీలం, 39-37 నీలం. అంటే ఒక జడ్జి ఎరుపుకి, ఇద్దరు నీలానికి ఇచ్చారు. గెలిచినవాడి పేరు దాని మీద లేదు, రంగులే ఉన్నాయి. మొదటి రెండూ చదివేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం ఎంత బాగుంటుందో చెప్పలేను, మైకు పట్టుకున్నవాడికి ప్రాణం లేచొస్తుంది. దాన్ని ఇంకో రెండు సెకన్లు సాగదీశాను. "నీలం కార్నర్ నుంచి..." అని, కార్డు వైపు చూసి, అచ్చులో నీలం కింద కనిపించిన పేరు, అంటే పొడగరి పేరు, గొంతు చించుకుని పలికాను.

రిఫరీ ఇద్దరి మణికట్లూ పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆయన నీలం అన్న మాట విన్నాడు, నీలం కార్నర్ కుర్రాడి చెయ్యి పైకెత్తాడు. అంటే లేచింది సౌత్‌పా చెయ్యి, మైకులో మోగింది పొడగరి పేరు. పొడగరి రిఫరీ పట్టు విడిపించుకుని ఎగిరి గంతేశాడు, వాళ్ల కోచ్ తాళ్ల సందులోంచి లోపలికి దూకి వాణ్ణి భుజాల మీదకెత్తుకున్నాడు. సౌత్‌పా చెయ్యి ఇంకా పైనే ఉంది, మొహం మాత్రం నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. పిలిచింది నన్నేనా అని అడుగుతున్నట్టు ఉంది.

సూపర్‌వైజర్ బల్ల దగ్గర్నుంచి చేతులూపుతూ అరుస్తున్నాడు, నాకు ఒక్క ముక్క వినపడలేదు, డీజే అప్పటికే పాట పెట్టేశాడు. డీజేలతో నా గొడవ పాతదే. పేరు పూర్తవకముందే సంగీతం పెంచేస్తారు, ఎంత చెప్పినా వినరు. పాట ఆపించి, తప్పు నాదేనని చెప్పి, సరైన పేరు మళ్లీ చదివేసరికి ఇరవై ముప్పై సెకన్లు పట్టి ఉంటుంది. పొడగరిని భుజాల మీద నుంచి కిందికి దించారు. దించుతుంటే నేను చూడలేక తాళ్ల వైపు తిరిగిపోయాను.

తర్వాత ఇద్దరి దగ్గరికీ వెళ్లాను. పొడగరి తల ఎత్తలేదు, చేతికి చుట్టిన బ్యాండేజీ కత్తిరించుకుంటూ "సరే అన్నా" అన్నాడు, అంతే. సౌత్‌పా మాత్రం బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. "గెలిచాను కదన్నా, పర్లేదు. కానీ మా వాళ్లు వీడియో తీశారు. అందులో నా చెయ్యి లేస్తుంటే వాడి పేరు వినబడుతోంది. మళ్లీ తీయలేం కదా" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు, ఇప్పటికీ తోచదు.

2024 మే నెలలో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక ప్రపంచ టైటిల్ ఫైట్‌లో ఇలాంటిదే జరిగింది. ఛాంపియన్ నీనా హ్యూస్, ఛాలెంజర్ చెర్నెకా జాన్సన్. హ్యూస్ టైటిల్ నిలబెట్టుకుందని ముందు ప్రకటించారు, కాసేపటికే సరిదిద్ది గెలిచింది జాన్సన్ అన్నారు. నెట్‌లో జనం ఆ అనౌన్సర్‌ని ఏకిపారేశారు. తప్పు తప్పే, కాదనను. కానీ ఆ కాగితాలు ఎలా ఉంటాయో ఒకసారి చూడండి! ఇంత డబ్బు తిరిగే ఆటలో ఫలితం ఇప్పటికీ చాలాచోట్ల హడావిడిగా చేత్తో రాసిన చిన్న ముక్క మీద వస్తుంది, పైన లైట్లు కళ్లలో కొడుతుంటాయి, కెమెరామన్ భుజం పట్టుకుని అటు జరగమంటాడు, షో పెట్టే ప్రమోటర్ త్వరగా కానిమ్మని సైగ చేస్తుంటాడు. గెలిచినవాడి పూర్తి పేరు పెద్ద అక్షరాల్లో రాసి ఇస్తే ఈ తప్పుల్లో తొంభై శాతం ఉండవని నా గట్టి నమ్మకం. నేను ఇప్పుడు పేరు లేని కాగితం తీసుకోను. బల్ల దగ్గరే నిలబడి "పేరు చెప్పండి సార్" అని అడిగి, వేలితో ఆ మనిషిని చూపించి, అవునంటేనే రింగ్‌లోకి ఎక్కుతాను. ఆలస్యం చేస్తున్నానని కొందరు ప్రమోటర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

స్కోర్లు చదివే వరస కూడా ఆషామాషీ కాదు. అమెరికన్ రింగ్ అనౌన్సర్ మైకేల్ బఫర్ పేరు మీరు వినే ఉంటారు, "లెట్స్ గెట్ రెడీ టు రంబుల్" అనే ఆయన. అంతకుముందు కార్లు అమ్మాడు, మోడలింగ్ చేశాడు. ఒకసారి కొడుకుతో కలిసి ఫైట్ చూస్తుంటే, అక్కడి అనౌన్సర్ స్ప్లిట్ డెసిషన్‌ని (ఇద్దరు జడ్జిలు ఒకరికి, మూడో జడ్జి రెండోవాడికి ఇచ్చే ఫలితం) ఉత్కంఠంతా చచ్చిపోయేలా చదివాడట, ఆ కొడుకు ప్రోత్సాహంతోనే 1982లో ఈ పనిలోకి వచ్చాడు. విషయం చాలా చిన్నది. గెలిచినవాడికి పడిన ఇద్దరు జడ్జిల స్కోరు కార్డులూ ముందే చదివేస్తే మూడోది ఎవరికి కావాలి? ఒకటి ఇటు, ఒకటి అటు చదివి, తేల్చే కార్డు చివరికి ఉంచాలి. అందరికీ బఫర్ కేక మాత్రమే కనిపిస్తుంది. కొత్తగా వచ్చే ప్రతి కుర్రాడూ ఆ కేకే వేస్తానంటాడు, ప్రమోటర్లూ అదే వెయ్యమంటారు. అది ఆయన ట్రేడ్‌మార్క్ చేయించుకున్న మాట, 1990లలోనే. ఇంకొకరి మాట మీకెందుకు? అసలు కేక ఎందుకు? నాకు ఇన్నేళ్లలో ఒక్క కేక కూడా లేదు, పని రాకుండా పోలేదు.

నా దృష్టిలో ఈ పని మొత్తం పేర్లలోనే ఉంది. ముహమ్మద్ అలీ 1967 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో ఎర్నీ టెరెల్‌తో తలపడ్డాడు. ఫైట్‌కి ముందు టెరెల్ అతన్ని అలీ అనకుండా పాత పేరుతో క్లే అనే పిలిచాడు. రింగ్‌లో అలీ కొడుతూ "నా పేరేంటి?" అని అడుగుతూనే ఉన్నాడు, 15 రౌండ్లూ ఆడి గెలిచాడు. మనిషికి తన పేరు ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ ఆడిటోరియంలో ఏళ్ల తరబడి అనౌన్స్ చేసిన జిమ్మీ లెనన్ సీనియర్‌ని అక్కడి మెక్సికన్ ప్రేక్షకులు అంతగా అభిమానించడానికి పెద్ద కారణం, స్పానిష్ పేర్లని స్పానిష్‌లా పలికేవాడు. ఆయన కొడుకు జిమ్మీ లెనన్ జూనియర్ కూడా ఇదే పనిలో పెద్ద పేరు.

కాబట్టి వెయ్-ఇన్‌కి, అంటే ఫైట్‌కి ముందు బాక్సర్ల బరువు చూసే చోటికి, తప్పకుండా వెళ్లండి. చాలామంది అనౌన్సర్లు షో రోజే వచ్చి షీట్ చూసి చదివేస్తారు, నాకు ఒళ్లు మండిపోతుంది. బాక్సర్ దగ్గరికి వెళ్లి "మీ పేరు మీరే ఒకసారి చెప్పండి" అని ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. కోచ్‌ని అడగొద్దు, కోచ్‌లకి ముద్దుపేర్లే తెలుసు. తర్వాత దాన్ని తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో త, ట ఒకటే, ద, డ ఒకటే, రమ, రామ ఒకటే. తెలుగులో విన్నది విన్నట్టు కాగితం మీద పడుతుంది. యూసిక్ అని చదవాలనిపించేది ఉసిక్ అని రాసుకుంటాం, జువాన్ అనిపించేది హువాన్ అని రాసుకుంటాం. తెలుగులో లేని శబ్దాలకి నేను కింద చుక్క పెట్టుకుంటాను. థాయ్ బాక్సర్ల విషయంలో ఇంకో చిక్కుంది, రింగ్ పేరులో తరచుగా జిమ్ పేరో స్పాన్సర్ పేరో కలిసి ఉంటుంది, అది మారితే పేరూ మారుతుంది, పాత వీడియో చూసి చదివితే దొరికిపోతారు. షో రోజు ఏమైనా మారితే, ఒక్క అక్షరం మారినా సరే, కార్డు చింపేసి కొత్తది రాయండి. పెన్సిల్ వాడొద్దు.

ఇంకో మాట, మొదటి బౌట్‌కి సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అప్పుడు పొడిపొడిగా చదివి, మెయిన్ ఈవెంట్ కోసం గొంతు దాచుకునేవాళ్లున్నారు. ఇది నేను క్షమించలేను. తొలిసారి ప్రొఫెషనల్ రింగ్ ఎక్కే కుర్రాడు, ఇంట్లోవాళ్లు ఆరుగురు వచ్చి ఒక మూల కూర్చున్నారు, వాళ్లకి అదే మెయిన్ ఈవెంట్. ఆ పేరు కూడా ఛాంపియన్ పేరంత నిండుగా పలకాలి. దానికి ముందు పద్నాలుగు స్పాన్సర్ల పేర్లు చదివించే పద్ధతి ఒకటి వచ్చింది ఈమధ్య, బాక్సర్ ఒంటికి పట్టిన చెమట చల్లారిపోతుంటే మనం టైర్ల కంపెనీ పేరు చదువుతుంటాం. నేను స్పాన్సర్ల జాబితా బౌట్ల మధ్యే చదువుతానని ముందే చెప్పేస్తాను.

అన్నిటికంటే కష్టమైన పని ఏమీ మాట్లాడకుండా నిలబడటం. ఎవరైనా బాక్సర్ చనిపోతే షోలో పదిసార్లు గంట కొడతారు. అందరినీ లేచి నిలబడమని చెప్పి, ఆ పేరు చదివి, మైకు కిందికి దించాలి. టైమ్‌కీపర్ ఒక్కో గంటా నెమ్మదిగా కొడుతుంటే చెవుల్లో గుండె చప్పుడు వినిపిస్తుంది. నేను రెండుసార్లు చేశాను. రెండోసారి చదివిన పేరు, నేను అంతకుముందు గెలుపు కోసం పిలిచిన పేరే.

కెరీర్ అన్నారు కాబట్టి అది కూడా చెప్తాను. దీని మీదే పూర్తిగా బతికేవాళ్లు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువమంది. ఇప్పుడున్న ఉద్యోగం వదలకండి, నేనూ వదల్లేదు. వారాంతాల్లోనే షోలు ఉంటాయి కాబట్టి రెండూ కుదురుతాయి. అమెచ్యూర్ టోర్నమెంట్‌కి వెళ్లి, ముందు కొన్నాళ్లు టైమ్‌కీపర్ పక్కన కూర్చోనివ్వమని అడగండి. రెండు రోజుల్లో నలభై యాభై బౌట్లు చూస్తారు, స్కోరింగ్ దానంతటదే వస్తుంది, అధికారులకి మీ మొహం అలవాటవుతుంది. మైకు పట్టుకోవాల్సినవాడికి జ్వరం వచ్చిన రోజున మిమ్మల్నే లేపుతారు. నాకు అలాగే వచ్చింది. కోర్సుల జోలికి పోకండి, వాటిలో మైకు పట్టుకోవడం నేర్పుతారేమో గాని స్కోర్ షీట్ చదవడం ఎవరూ నేర్పరు.

ఇక గొంతు. 1920లలో న్యూయార్క్‌లో జో హంఫ్రీస్ మైకు లేకుండానే వేలమందికి వినిపించేలా అరిచేవాడు, ఆ రోజుల్లో మీరన్న గొంతు కావాల్సిందే. ఇప్పుడు మైకు ఉంది. మామూలు గొంతు చాలు, మాట స్పష్టంగా ఉండాలి. షో రోజు చల్లటి నీళ్లు తాగకండి, పొద్దున్నుంచీ అనవసరంగా మాట్లాడకండి, ఊపిరి పొట్టలోంచి తీసుకోండి, పేరుకి ముందు ఊపిరి తీసుకోండి గాని పేరు మధ్యలో తీసుకోకండి. మైకులో బ్యాటరీ మీరే మార్చుకోండి, జేబులో ఇంకో జత ఉంచుకోండి. ఈ వారాంతంలో ఎక్కడైనా వెయ్-ఇన్ జరుగుతుంటే ఫోనూ, ఒక పుస్తకమూ, పెన్నూ పట్టుకుని వెళ్లి రండి, ఎన్ని పేర్లు సరిగ్గా రాసుకోగలిగారో కింద కామెంట్లలో చెప్పండి, నేను చూస్తాను.