"కళ్లు బానే కనిపిస్తున్నాయి" అనే వంటాయనను ఎలా ఒప్పించాలి?

మీ రెస్టారెంట్ కిచెన్‌లో చేసే మెక్సికో ఆయనకు పదేళ్లుగా షుగర్, ఇన్సూరెన్స్ లేదు, కళ్లు చూపించుకోమంటే నవ్వేస్తున్నాడు, ఏం చెప్పాలని అడిగారు.

నేను కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఒక కంటి క్లినిక్‌లో నాలుగేళ్లు టెక్నీషియన్‌గా చేశాను. ఎక్కువగా ద్రాక్షతోటల్లో పనిచేసే, స్పానిష్ మాట్లాడేవాళ్లే వచ్చేవాళ్లు. వాళ్లలోనూ చాలామంది డయాబెటిస్ అనరు, "అసూకార్ ఉంది" అంటారు. అంటే పంచదారే, అచ్చం మనలాగే.

తెలియక రావట్లేదని మొదట్లో అనుకునేదాన్ని. ఒకాయన ఇంగ్లీషు చెప్పడానికి పదేళ్ల కొడుకును వెంటబెట్టుకొచ్చాడు. ఆ తండ్రి చార్టులో చివరి వరస దాకా గడగడా చదివేశాడు. కంటిపాప పెద్దదయ్యే డ్రాప్స్ వేసి ఫొటో తీస్తే రెండు కళ్లలోనూ రక్తపు మచ్చలే. డాక్టర్ చెప్పింది నాన్నకు ఎలా చెప్పాలో తెలియక ఆ పిల్లాడు నా మొహం చూశాడు. (అప్పటి నుంచి ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టాల్సిందేనని గొడవ చేసేదాన్ని.) ఆ తండ్రిని లేజర్ చికిత్సకి రమ్మంటే రాలేదు. ఫోన్ చేశాం. డ్రాప్స్ వేస్తే బండి నడపలేను, ఇంకొకరు తీసుకురావాలి, ఇద్దరి కూలీ పోతుంది అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఇది ఒకరిద్దరి కథ కాదు. లాస్ ఏంజెలెస్ దగ్గర లా ప్యుయెంటేలో 40 దాటిన 6 వేల మందికి పైగా లాటినోలను (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లను) పరీక్షించి 2004లో ఫలితాలు వేశారు. షుగర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) దెబ్బతినడం మొదలైంది.

మీ వంటాయన "ఇన్సులిన్ వేసుకుంటే కళ్లు పోతాయి" అని కూడా అనొచ్చు. కొట్టిపారేయకండి. చాలామందికి ఇన్సులిన్ మొదలుపెట్టేసరికే ఆలస్యమైపోతుంది, ఆ తర్వాత చూపు పోతే నింద సూది మీద పడుతుంది. మా పెద్దమ్మ కూడా ఇదే మాట అనేది.

ఫెడరల్ గ్రాంటుతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ ఒకటి దగ్గర్లో చూడండి. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. కొన్నిచోట్ల షుగర్ చెకప్‌కి వెళ్లినప్పుడే కెమెరాతో కంటి ఫొటో తీసి, వేరే ఊళ్లోని డాక్టర్లకు చూడమని పంపుతారు. చాలాసార్లు డ్రాప్స్ కూడా అక్కర్లేదు. ఆ కెమెరా ఉందా అని ముందే ఫోన్‌లో కనుక్కోండి.

ఫొటోలో తేడా కనిపిస్తే రెటీనా డాక్టర్ దగ్గరకు పంపుతారు. మా క్లినిక్‌లో మనుషులు జారిపోయింది సరిగ్గా అక్కడే. మాటలతో ఒప్పించడం సంగతి అలా ఉంచి, ఆ రోజు ఆయనకు జీతం కట్ చేయకండి. కుదిరితే మీరే బండిలో తీసుకెళ్లండి, లంచ్ రష్ లేని మంగళవారం చూసుకుని.