ఫిజిక్స్ హోంవర్క్ లెక్క దగ్గర ఆగిపోతే సాయం ఎలా అడగాలి?

జవాబు అడగకండి, ఎక్కడ ఆగిపోయారో చూపించండి. ఉదాహరణకు, వాలు తలం మీద జారకుండా దొర్లే ఘన గోళం త్వరణం కనుక్కోవాలి. చాలామంది గురుత్వ త్వరణాన్ని వాలు కోణం సైన్‌తో గుణించి ఆపేస్తారు. అసలు జవాబు అందులో 5/7 వంతే. మీరు గీసిన బలాల పటం చూపిస్తే, తెలిసినవాళ్ళు ఒక్క ప్రశ్నతో దారిలో పెట్టగలరు: "గోళాన్ని తిప్పుతున్నది ఏ బలం?" ఘర్షణ! అది తలం వెంట పైకి పనిచేసి టార్క్ (తిప్పే ప్రభావం) ఇస్తుంది, కిందికి లాగే బలంలో 2/7 వంతును తగ్గించేస్తుంది. ఆ సూచన అందగానే మిగతాది మీరే చేయండి. పూర్తి పరిష్కారం చదివితే అర్థమైనట్టే ఉంటుంది గానీ, పరీక్షలో చేయి ఆడదు. నేనైతే మర్నాడు ఏమీ చూడకుండా మళ్ళీ చేస్తాను. పలుచని బోలు గోళానికీ చేసి చూడండి, 5/7 బదులు 3/5 రావాలి.