వేలిముద్రకు తాళం వేస్తే పింఛను ఆగిపోతుందా?

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోను మోసాల మీదే. అందరికీ పనికొచ్చే ఆరు ప్రశ్నలు తీసుకున్నాం. పేర్లు వెయ్యడం లేదు.

ప్రశ్న: మా అమ్మ ఖాతాలోంచి రెండుసార్లు పదేసి వేలు పోయాయి. ఓటీపీ రాలేదు. ఆమెకు ఏటీఎం కార్డే లేదు. వేలిముద్రతో తీశారని బ్యాంకులో చెప్పారు. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వెయ్యమంటున్నారు. అలా వేస్తే ఒకటో తారీఖున పింఛనుకి వేలు పడదేమోనని భయంగా ఉంది.
– ఒక గృహిణి, రాజాం

జవాబు: మీ భయం నిజమేనమ్మా. ఆ తాళం, అంటే బయోమెట్రిక్ లాక్, వేస్తే వేలిముద్రే కాదు, కంటిపాప, ముఖం కూడా పనిచెయ్యవు. మిషన్ మీద 330 అనే ఎర్రర్ వస్తుంది. పింఛను, రేషను, కొత్త సిమ్ము అన్నిటికీ అదే ఇబ్బంది. అయితే దానికో దారి ఉంది. ఆధార్ యాప్‌లో గానీ మైఆధార్ వెబ్‌సైటులో గానీ తాళాన్ని తాత్కాలికంగా తియ్యొచ్చు. పది నిమిషాల తరవాత దానంతటదే మళ్లీ పడిపోతుంది. కాబట్టి సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకి వచ్చాకే తియ్యాలి, ముందురోజు రాత్రి తీస్తే లాభం లేదు. చిక్కల్లా ఓటీపీ దగ్గరే. ఆధార్‌కి ఇచ్చిన నంబరు హైదరాబాదులో ఉన్న అబ్బాయిదైతే ఓటీపీ అతనికి వెళ్తుంది. ఆ ఉదయం అతను ఫోను ఎత్తాలి.

మా సలహా వేరు. మీ అమ్మగారు బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే మనిషి) దగ్గర వేలు పెట్టి డబ్బు తీసే అలవాటు లేని మనిషైతే, లాక్ జోలికి పోకండి. బ్యాంకు శాఖకు వెళ్లి ‘ఈ ఖాతాకు ఆధార్ చెల్లింపులు, అంటే ఏఈపీఎస్, ఆపండి’ అని కాగితం రాసివ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇంటికి తెచ్చే నాలుగు వేల పింఛను బ్యాంకు విత్‌డ్రా కాదు. అక్కడ వేలు పెట్టేది మనిషిని గుర్తుపట్టడానికే. కనుక బ్యాంకులో ఏఈపీఎస్ ఆపినా పింఛను ఆగదు. ఉపాధి కూలి డబ్బు బ్యాంకు మిత్ర దగ్గరే తీసేవాళ్లకు మాత్రం ఇది కుదరదు, వాళ్లకు లాక్ నయం.

ఇంతకీ డబ్బు ఎలా పోయింది? ఈ పద్ధతిలో కావలసినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ను అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల్ని సిలికాన్ మీదికి ఎక్కించి వాడిన కేసులు ఉన్నాయి. ఊళ్లలో అంతకంటే తేలికైన మోసం ఇంకొకటి: ‘పడలేదమ్మా, మళ్లీ పెట్టు’. మొదటిసారే పడి ఉంటుంది. ఒక్కసారికి పదివేల వరకే తియ్యనిస్తారు, అందుకే మీ అమ్మగారి ఖాతాలో పదేసి వేలు కనిపిస్తున్నాయి. వేలు పెట్టిన ప్రతిసారీ స్లిప్పు అడగాలి. ‘ఫెయిల్’ అయినా సరే, ఆ ఫెయిల్ స్లిప్పు అడగాలి.

పోయిన డబ్బు కోసం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో మనిషి వల్ల పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం అంటదు. ఏడు దాకా ఆలస్యమైతే కొంత మీరు భరించాలి. ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తీర్చే అధికారికి) వెళ్లొచ్చు, వివరాలకు 14448.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ‘ఆర్టీఓ చలాన్’ అని ఒక ఫైలు వస్తే నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. ఫైలు తీసేశాను. ఇప్పుడు నా నంబరు నుంచి అదే ఫైలు అందరికీ పోతోందంటున్నారు.
– జీడిపప్పు వ్యాపారి, పలాస

జవాబు: ఏమీ తెరుచుకోకపోవడమే దాని లక్షణం. ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటుంది, అది చలాన్ కాదు, యాప్. డౌన్‌లోడ్ చేసి ఊరుకుని ఉంటే ఫైలు తీసేస్తే సరిపోయేది. ఇన్‌స్టాల్ నొక్కాక విత్తనం పారేసినా మొలక ఉండిపోయినట్టే. ఐకాను కూడా దాచేసి, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతితో మీ ఓటీపీలన్నీ అవతలికి పంపుతుంది.

ఏ పని ముందో అదే ముఖ్యం. ముందు ఏరోప్లేన్ మోడ్ వెయ్యండి, వైఫై కూడా ఆపండి. తరవాత ఇంట్లో ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకి చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డులు ఆపించండి. నంబరు కార్డు వెనకాల ఉన్నదే చూడండి. గూగుల్‌లో వెతికిన కస్టమర్ కేర్ నంబరు ఇంకో దొంగది కావొచ్చు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930. అవతలివాళ్లు డబ్బు విత్‌డ్రా చేసేలోపు ఆ ఖాతాను ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ, అందుకే స్టేషనుకి బయల్దేరకముందే ఫోన్ చెయ్యాలి.

ఆ తరవాత సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా మొత్తం చూడండి. పేరు లేనిదో, చలాన్ పేరుతోనో ఒకటి కనిపిస్తుంది. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచెయ్యకపోతే, ‘డివైస్ అడ్మిన్’ యాప్‌ల్లోనూ యాక్సెసిబిలిటీలోనూ దానికున్న అనుమతి తీసేసి మళ్లీ ప్రయత్నించండి. అయినా మాకు నమ్మకం చాలదు. ఫొటోలు, నంబర్లు భద్రం చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇంకో ఫోను నుంచి మార్చండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి మీవి కానివి తీసెయ్యండి. ఇకముందు వాట్సాప్‌కీ క్రోమ్‌కీ ‘తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్’ చేసే అనుమతి ఆపి ఉంచండి. నిజం చలాన్ ఉందో లేదో పరివాహన్ ఈ-చలాన్ సైటులో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడికి టెలిగ్రామ్‌లో కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం అన్నారు. టైపింగ్ వేగం చూసి ఎంపిక చేశారు. లక్షన్నర కట్టమంటున్నారు.
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: పంపకండి. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో ఉత్తరాంధ్ర కుర్రాళ్లకు చూపిన ఆశ ఇలాంటిదే. అక్కడ దిగాక పాస్‌పోర్టులు లాక్కుని, మనవాళ్లకే ఫోన్లు చేసి మోసం చేసే పనిలో పెట్టారు.

ఏ విదేశీ ఉద్యోగానికైనా చూడాల్సినవి: ఏజెంటు పేరు, లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉండాలి. ‘మాది ఆ కంపెనీకి బ్రాంచి’ అంటే నమ్మొద్దు, సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీ ముప్పై వేలు, దానిమీద జీఎస్టీ, అంతే. లక్షన్నర అన్నచోటే మాట తేలిపోయింది. వీసా కాగితం చదవండి, టూరిస్టు అని ఉంటే అది ఉద్యోగం కాదు. ఇప్పటికే వెళ్లి చిక్కుకున్నవాళ్ల కుటుంబాలు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, అక్కడి భారత రాయబార కార్యాలయానికి కూడా తెలియజేయాలి.

ప్రశ్న: సీబీఐ అధికారినంటూ వీడియో కాల్. ‘డిజిటల్ అరెస్ట్’లో ఉన్నారు, కాల్ కట్ చెయ్యొద్దు అన్నాడు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: కట్ చెయ్యండి మాస్టారూ. మన చట్టంలో డిజిటల్ అరెస్టన్నదే లేదు. కాల్ కట్ చెయ్యొద్దనేది మీరు పక్కింటివాళ్లతో ఒక్క మాట అనకుండా చెయ్యడానికే. నంబరును కేంద్ర టెలికం శాఖ సంచార్ సాథీ సైటులోని చక్షు విభాగంలో నమోదు చెయ్యండి. వాట్సాప్ ప్రైవసీలో ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ పెట్టుకుంటే ఇలాంటివి మోగవు.

ప్రశ్న: ఇన్‌స్టాలో పరిచయమైన వ్యక్తి నా ఫొటోలు ఇంట్లోవాళ్లకు పంపుతానని డబ్బు అడుగుతున్నాడు. ఇంట్లో చెప్పలేను.
– డిగ్రీ విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: తప్పు అతనిది, నీది కాదమ్మా. రూపాయి కూడా పంపకు, ఒకసారి ఇస్తే రేటు పెరుగుతుంది. భయపడి చాట్ చెరిపెయ్యకు, సాక్ష్యం అదే. బెదిరింపులు తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకో. ప్రొఫైల్ పేరు అతను ఎప్పుడైనా మార్చేస్తాడు, అందుకే ప్రొఫైల్ లింకు కూడా కాపీ చేసిపెట్టు. ఇవన్నీ అయ్యాకే బ్లాక్ చెయ్యి.

స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. అందులో ఫొటో ఎంచుకుంటే దాని గుర్తు సంఖ్య ఒకటి నీ ఫోనులోనే తయారవుతుంది. ఫొటో బయటికి పోదు, సంఖ్య మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఆ సంఖ్యతో సరిపోలే ఫొటో వస్తే పట్టుకుంటాయి. ఇది 18 నిండినవాళ్లకు. ఫొటోలు 18 నిండకముందువైతే ‘టేక్ ఇట్ డౌన్’ అనే సైటు వాడాలి. వాట్సాప్‌లో నేరుగా పంపితే ఇవి ఆపలేవు, అది కూడా తెలిసి ఉండాలి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళల విభాగంలో పేరు చెప్పకుండానే ఫిర్యాదు పెట్టొచ్చు. కేసు నడవాలంటే మాత్రం పేరు ఇవ్వక తప్పదు. ఇంట్లో అమ్మకి కుదరకపోతే పిన్నికో అక్కకో ఈ రోజే చెప్పు.

ప్రశ్న: స్నేహితుడు ‘పొరపాటున నీకు ఆరంకెల కోడ్ వచ్చింది, పంపు’ అన్నాడు. పంపాను. వాట్సాప్ పోయింది.
– బొబ్బిలి

జవాబు: ఆ కోడ్ మీ వాట్సాప్‌దే. ఆ స్నేహితుడి ఖాతా అప్పటికే దొంగ చేతిలో ఉంది. వెంటనే మీ ఫోనులో మీ నంబరుతో మళ్లీ రిజిస్టర్ అవ్వండి, కొత్త కోడ్ మీ సిమ్ముకే వస్తుంది, అవతలివాడు బయటికి పోతాడు. వాడు టూ-స్టెప్ పిన్ను (వాట్సాప్‌కి కోడ్‌తో పాటు అడిగే రహస్య సంఖ్య) పెట్టేసి ఉంటే ఏడు రోజులు ఆగాలి, అయినా ఈలోపు వాడూ వాడలేడు. ఖాతా చేతికొచ్చాక ఆ పిన్ను మీరే పెట్టుకుని, ఈమెయిల్ కూడా ఇవ్వండి. ఈమెయిల్ ఇవ్వకపోతే పిన్ను మరిచిననాడు మళ్లీ అదే ఏడు రోజులు.