‘ప్యూపిల్’ అంటే కంటిపాపా, విద్యార్థా?

మీ పాప అడిగింది మంచి ప్రశ్నండీ. సైన్స్ పుస్తకంలో ‘ప్యూపిల్’ అంటే కంటిపాప, స్కూల్ నోటీసులో విద్యార్థి అని ఉంటే ఎవరికైనా కన్ఫ్యూజనే. రెండూ ఒకే కుటుంబం మాటలు. లాటిన్‌లో ‘పూపా’ అంటే ఆడపిల్ల, బొమ్మ. ‘పూపిల్లుస్’ అంటే సంరక్షకుల చేతిలో పెరిగే అనాథ పిల్లవాడు. ఇంగ్లీషులోనూ మొదట అదే అర్థం, విద్యార్థి అన్నది తర్వాత వచ్చింది.

ఇక ‘పూపిల్లా’ అంటే చిట్టి బొమ్మ. పాపను మీ కళ్లలోకి బాగా దగ్గరగా చూడమనండి. నల్లగుడ్డు మధ్యలో తన రూపమే బుల్లి బొమ్మలా కనిపిస్తుంది. కంటిపాపకు ఆ పేరు అలా వచ్చిందే. నాకు చాలా ఇష్టమైన సంగతేమిటంటే, మన ‘కంటిపాప’లోనూ పాప ఉంది, సంస్కృతం ‘కనీనిక’కూ చిన్నపిల్ల అనే అర్థం ఉంది. సీతాకోకచిలుక ‘ప్యూపా’ (గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే దశ) కూడా ఈ మాటలకు చుట్టమే.