ఆదివారం దాకా ఆగొద్దు, అమ్మలూ

చి. సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఎంవీపీ కాలనీలో మీ ఇంటికి వచ్చినప్పుడు బుజ్జిగాడి నోట్సులన్నీ చూశాను. వాణ్ని బడికి పంపకుండా ఇంట్లోనే ఎంత ఓపిగ్గా చదువు చెబుతున్నావో కళ్లారా చూశాను, సంతోషం. కానీ దిద్దడం మాత్రం వారమంతా పోగేసి ఆదివారం రాత్రి పెట్టుకుంటున్నావు. అక్కడే మనసొప్పక ఇది రాస్తున్నాను.

బళ్లో ఉన్నన్నాళ్లూ నేనూ అదే తప్పు చేశాను. క్వార్టర్లీ పేపర్లు దసరా సెలవుల్లో దిద్ది, బడి తెరిచాక ఇచ్చేదాన్ని. పిల్లలు మార్కులు చూసుకుని, పక్కవాడివి చూసి, పేపరు మడిచి సంచిలో పెట్టేసేవారు. నేను రాసిన మాటలు ఎవరూ చదివేవారు కాదు. ఏం ఆలోచించి అలా రాశారో అప్పటికే మర్చిపోయి ఉంటారు కదా. నాకు క్లాసులో 60 మంది. నీకు ఒక్కడే. వాడు పెన్సిల్ కింద పెట్టగానే పక్కన కూర్చోగలవు.

ఆ తీసివేత లెక్కే చూడు. 502లోంచి 178 తీసేయమంటే 476 వేశాడు. నువ్వు ఇంటు కొట్టి, 324 అని రాసి, ‘జాగ్రత్తగా చెయ్యి’ అన్నావు. వాడు జాగ్రత్తగానే చేశాడమ్మా. ‘ఇదెలా చేశావు నాన్నా, నాకు చెప్పవా’ అని అడిగాను. ‘2లోంచి 8 పోదు కదా అమ్మమ్మా, అందుకని 8లోంచి 2 తీశాను’ అన్నాడు. సున్నా దగ్గరా అంతే, 7లోంచి సున్నా తీశాడు. ఆ పేజీలో తప్పయిన నాలుగు లెక్కలూ ఇలాగే ఉన్నాయి. నాలుగింటికీ మూలం ఒకటే.

ఐదు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు వాడి చేతిలో పెట్టి 178 ఇమ్మన్నాను. కాసేపు చూసి, ‘వంద మార్చాలి’ అని వాడే అన్నాడు. పది పది నోట్లుగా మార్చాడు. అందులో ఒకటి మళ్లీ బిళ్లలుగా మార్చాడు. నాకివ్వగా మిగిలినవి లెక్కపెడితే 324. వెంటనే అలాంటివే రెండు కాగితం మీద చేయించాను. మూడు రోజులాగి ఫోన్లో ఇంకోటి అడిగాను, వచ్చింది. అప్పుడుగానీ వచ్చిందని నేను అనుకోలేదు.

వెంటనే అన్నాను కదా అని మధ్యలో అడ్డుపడకు. పైకి చదివేటప్పుడు తడబడితే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టు, చాలాసార్లు వాడే సర్దుకుంటాడు. రాసేది పూర్తయ్యాకే మాట్లాడు. అప్పుడైనా అన్ని ఒత్తులూ దీర్ఘాలూ ఒకేసారి పట్టుకోకు. ఈ వారం ణ, న తేడా చూస్తున్నావంటే అదే చూడు, మిగతావి వచ్చే వారం.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చి ఏం రాశాడు? ‘చాలా పెద్దది, చాలా బాగుంది.’ నువ్వు ‘గుడ్’ అని రాశావు. ఏది గుడ్డో వాడికెలా తెలుస్తుంది? లోపల నావికులు ఎక్కడ పడుకునేవారని అడిగాను. ఒకదాని మీద ఒకటిగా ఉండే ఇరుకు మంచాల గురించీ, వంగి దాటాల్సిన గుండ్రటి తలుపుల గురించీ చేతులు తిప్పుతూ చెప్పాడు. ‘ఇవే రాయి, చదివేవాళ్లకు నీతోపాటు లోపలికి వెళ్లినట్టుంటుంది’ అన్నాను. పేజీన్నర రాశాడు.

మార్కులు వేయకపోతే ఎలాగని మీ అత్తగారికి టెన్షన్ అన్నావు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు పిల్లలకు మూడు రకాలుగా దిద్ది ఇచ్చి చూసింది. కొందరికి మార్కులు, కొందరికి మార్కులూ మాటలూ, కొందరికి మాటలు మాత్రమే. మెరుగైంది మాటలు మాత్రమే అందుకున్నవాళ్లు. నా పేపర్ల సంగతి గుర్తొచ్చి చాలా బాధేసింది. అత్తయ్యగారికి నెలనెలా ఒక పేజీ చూపించు. జూన్‌లో రాసినదీ, ఇప్పటిదీ పక్కపక్కన పెట్టు. అందుకే ప్రతి పేజీ మీదా తారీఖు వేయించు.

పరీక్ష అలవాటు కూడా కావాలి, కాదనను. కానీ ఎన్‌ఐఓఎస్‌లో, అదే జాతీయ ఓపెన్ స్కూల్లో, పదో తరగతి రాయాలంటే 14 ఏళ్లు నిండాలి, వీడికి ఇంకా తొమ్మిదే. అక్కడా అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. ఇప్పటికి నెలకోసారి గడియారం పెట్టి అరగంట రాయించు, చాలు. ఆ పేపరు మాత్రం ఆ పూటే ఇద్దరూ కూర్చుని చూడండి. ముందు వాడినే దిద్దమను, ఎక్కడ అనుమానంగా ఉందో గీత గీయమను. తర్వాత నువ్వు చూడు.

వచ్చే ఆదివారం సింహాచలం దర్శనం చేసుకుని ఇటే వస్తారుగా. లెక్కల నోట్సు తీసుకురా. రబ్బరుతో చెరిపి మళ్లీ రాయించొద్దు, తప్పులు ఉన్నవి ఉన్నట్టే తే. బుజ్జిగాడికి అరిసెలు చేసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ